బుడమేరుకు ఒక అంతస్తు

బెజవాడలో ఇప్పుడు ఏ ఇంటికీ కింది అంతస్తు మనుషులది కాదు, వరదనీటిది. గచ్చు వేయని నేల, చుట్టూ రెల్లు, వట్టివేరు దుబ్బులు. ఎండలున్నన్నాళ్ళు ఇంటివాళ్ళు వాడుకోవచ్చు కనుక, ఆ చల్లదనంలోనే నాంచారమ్మ కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతోంది.

ఆ మధ్యాహ్నం బుడమేరు పొంగుతోందని సైరన్ మోగింది. ఆమె కూతురు శ్రావణి పల్లపు వీధి ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతోంది. ఏటి పక్కనున్న తమ వీధి ఇళ్ళన్నీ కింది అంతస్తు వరద తలుపులెత్తి నీటిని లోపలికి రానిస్తేనే ఆ పల్లం మునగకుండా ఉంటుంది.

"మిషన్లన్నీ పైకి చేర్చేదాకా ఆగవే," అన్నాడు భర్త గోవర్ధనం.

"రెండు చేర్చాంగా. మిగతావి తడిస్తే తడవనీ. అక్కడున్నది మన పిల్ల ఒక్కతేనా?" అంటూ నాంచారమ్మ గోడకున్న చక్రం తిప్పి వరద తలుపు ఎత్తేసింది.

బురదనీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికొచ్చాయి. చూస్తుండగానే మూడు మిషన్లు మునిగిపోయాయి. అంతలో వీధి పొడవునా తలుపులు లేస్తున్న చప్పుడు వినిపించింది. ఒక్క ఇల్లూ వెనకాడలేదు.

సాయంత్రం శ్రావణి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆడపిల్ల పుట్టింది. ఇక్కడ చుక్క నీరు రాలేదు, కరెంటు కూడా పోలేదు. అసలు వరదొచ్చిందా?"

నాంచారమ్మ మెట్ల మీద కూర్చుని, ఇంటి కింద నిండుగా నిలిచిన ఏటిని చూసుకుంది.

"వచ్చిందే తల్లీ," అంది తలెత్తుకుని. "మన వీధిలో ఇంటింటా దిగింది."