రెండో ఒకటిన్నర

అతని భార్యను చంపింది జబ్బు కాదు, బావమరిది బద్ధకం. వాళ్ళుండే అమెరికాలో చలికాలం ముందు గడియారాలను రెండు నుంచి ఒంటిగంటకి వెనక్కి తిప్పే రాత్రి, ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. బావాబావమరుదులు కలిసి తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాషకు ఆ తేడా తెలియదు. ఆమెకు గంటగంటకూ మందు ఎక్కించే పంపు ఆ భాషలోనే నడిచేది. ఒకటిన్నరకి ఇవ్వాల్సిన మందు ఇచ్చేశాననుకుని అది రెండోసారి ఊరుకుంది.

"ఏడాదికి ఒక్క గంట బావా, దానికోసం నిద్ర పాడుచేసుకుంటామా?" అని ఆ తప్పును పక్కన పెట్టినవాడు బావమరిదే.

ఏడాది తిరిగాక, ఆమె గదిలో కూర్చుని అతను ఒక్కడే దాన్ని సరిచేశాడు. పరీక్ష కోసం కంప్యూటర్‌లో ఆ రాత్రి తేదీ పెట్టాడు. తెర మీద మొదటి ఒకటిన్నర దాటింది. రెండోది దానితో కలిసిపోకుండా విడిగా పడింది.

వెనక, ఖాళీ మంచం దగ్గర, ఎప్పుడో ఆసుపత్రికి తిరిగి ఇచ్చేసిన పంపు టిక్కుమంది. తర్వాత ఆమె హాయిగా ఊపిరి తీసుకున్న చప్పుడు. మళ్ళీ ఇంకొకటి. తల తిప్పితే ఆగిపోతుందేమోనని అతను తిప్పలేదు.

బావమరిది నుంచి ఫోన్ మోగింది. వెనక ఊపిరి ఆగింది.

"పరీక్ష పాసయిందా బావా?"

"అయింది."

"గొంతు అలా ఉందేంటి? అక్క గుర్తొచ్చిందా?"

"ఆ రాత్రి మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."