అన్నం తింటివా, ఓవర్

గోపీనాథ్ చేతిలో స్టాప్‌వాచీ, ఒళ్ళో అట్ట, అట్ట మీద మార్కుల కాగితం. ఎదురుగా రేడియో ముందు సుంకులమ్మ, కొంగు నడుముకు దోపుకుని, పదో తరగతి పరీక్షకొచ్చిన పిల్లలాగా కూచుంది.

"ఆఖరిసారి చెబుతున్నానమ్మా. ఊరు, అవసరం, ఓవర్. అంతే. ఒక్క మాట ఎక్కువైనా వరద డ్యూటీ జాబితాలో మీ పేరుండదు."

"సరే సారూ," అంది సుంకులమ్మ.

సరే అనడం తేలికే. కర్నూలు మునిగిన ఏడాది ఫోన్లన్నీ చచ్చిపోతే, అక్కడున్న తమ్ముడు బతికున్నాడో లేడో ఆమెకు మూడు రోజులు తెలియలేదు. నాలుగో రోజు ముక్కూ మొహం తెలియని రేడియో మనిషెవరో కబురు మోసుకొచ్చాడు. ఆ రుణం తీర్చుకోవాలనే యాభై ఆరేళ్ళ వయసులో పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు జాబితాలో పేరు పోతే, వరదొచ్చిన రోజున ఈ పెట్టె బల్ల మీద ఉత్త అలంకారమే.

చిక్కల్లా ఒకటే. రేడియోలో ఎవరు పలికినా "అన్నం తింటివేమప్పా?" అని అడగనిదే ఆమెకు మాట సాగదు. ఆపైన వానలు, ఆపైన ఎద్దులు. పోయిన రిహార్సల్లో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయని అవతలివాడు చెబుతుంటే, కూరేం చేసుకున్నారని అడిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పోగొట్టి తీరాలని హామ్ రేడియో వాళ్ళకు వరద తర్ఫీదిచ్చే గోపీనాథ్ పంతం. అందుకే ఈసారి చెప్పాపెట్టకుండా కర్నూలు నుంచి ఆలూరుకు దిగి, ఆమె ఇంట్లోనే తిష్ఠ వేశాడు. తానిక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదన్నాడు. వరద రోజు ఫోన్లుండవు కాబట్టి ఆమె ఫోనూ స్విచాఫ్ చేయించాడు.

పదకొండింటికి రిహార్సల్ మొదలైంది.

"బనగానపల్లె స్టేషన్. చౌడప్పను మాట్లాడతాండా. తాగునీళ్ళు కావల్ల. ఓవర్."

"ఆలూరు స్టేషన్. తాగునీళ్ళు. అందింది. ఓవర్."

మామిడితోట చౌడప్ప ఆరేళ్ళుగా ఆ తర్వాతి ప్రశ్నకు అలవాటు పడ్డవాడు.

"అంతేనా అక్కా?"

"అంతే. ఓవర్."

గోపీనాథ్ టిక్కు పెట్టాడు. సుంకులమ్మ చెంబెడు నీళ్ళు తాగింది.

తర్వాత మైదుకూరు. అక్కడ సాయిప్రసాద్ ఎరువుల అంగడి నడుపుతాడు. వేళకు తినడు, కడుపులో పుండు. అతని గొంతు వినగానే, తిన్నాడో లేదో అడగాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది.

"మైదుకూరు స్టేషన్. మందులు కావల్ల. ఓవర్."

"మందులు. అందింది. ఓవర్."

"అక్కా, బాగుండావా?"

"బాగుండా. ఓవర్."

"ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

ఆమె గోపీనాథ్ వైపు చూసింది. ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరు. ఓవర్."

ఇంకో టిక్కు పడింది. గోపీనాథ్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

పావుగంట గడిచిందో లేదో, సాయిప్రసాద్ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి వణుకుతోంది.

"అన్ని స్టేషన్లకూ. ఇది రిహార్సల్ కాదు. ఆలూరు పక్క ఒక పెద్దామె. అరవై దాటింది. ఉన్నట్టుండి మాట తేడా వచ్చిండాది. ఇంట్లో ఒక్కతే ఉండాది. అంబులెన్సుకు చెప్పినాను, వస్తాండాది."

"ఎవరప్పా ఆమె?" అంది సుంకులమ్మ.

"పేరు రేడియోలో చెప్పకూడదు గదక్కా."

నిజమే. విన్న ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారని గోపీనాథే పెట్టిన నియమం. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, పక్షవాతమేమో సారూ," అని సుంకులమ్మ నిటారుగా కూచుంది. ఇక ఆమెను పట్టపగ్గాల్లేవు. "సంతకాడ రోడ్డు తవ్వినారు. అట్ల రావద్దను. బసవన్న పిండి గిర్నీ పక్క సందులో రమ్మను. మా ఇంటి ముందరికే వస్తాది. దారి నేను ఖాళీ చేయిస్తా. ఓవర్."

కిటికీలోంచి ఒక్క కేక వేస్తే ఎదురింటి ట్రాక్టరు పక్కకు జరిగింది. "సారూ, మీ కారు గూడా తీయండి," అంటే మార్కులేసే గోపీనాథ్ కూడా మారు మాట్లాడకుండా పరిగెత్తాడు.

"మాట్లాడతానే ఉండక్కా, నిలపొద్దు," అంటున్నాడు సాయిప్రసాద్.

"నేను యాడికీ పోనప్పా, ఈడనే ఉండా."

ఆ మహాతల్లి పొద్దున ఏమన్నా తినిందో లేదో అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే గోపీనాథ్ లోపలికొచ్చాడు. మింగేసింది.

"ఓవర్," అంది.

గోపీనాథ్ కుర్చీలో కూలబడి, చెమట తుడుచుకుని, కాగితం మీద నూటికి నూరు వేశాడు. "జాబితాలో మొదటి పేరు మీదేనమ్మా. మాట అంటే ఇలా ఉండాలి."

సుంకులమ్మకు కళ్ళు చెమర్చాయి. తమ్ముడికి చెప్పాలనుకుంది.

సైరను సందులోకి తిరిగింది. ఆమె వాకిట్లోకి ఉరికి, నేరుగా పొమ్మని రెండు చేతులూ ఊపింది. బండి పోలేదు. ఆమె ముందరే ఆగింది.

తెల్లచొక్కా మనిషి స్ట్రెచరుతో దిగి, జేబులోంచి చీటీ తీసి చదివాడు: "రోగి పేరు సుంకులమ్మ, జబ్బు గుర్తులు: పొద్దున్నుంచి ఎవరినీ అన్నం తింటివా అని అడగలేదు."