మేఫ్లై లేచే వేళ

“ఇంకో అడుగు వెయ్యకు” అన్నాడు గార్త్.

అతని భార్య నోరీన్ నీటి అంచున ఆగింది. “ఎదురుగా మీ అన్న. మధ్యలో నడుంలోతు నీళ్ళు. ఇంత దూరం వచ్చింది చూసి పోవడానికా?”

“మేఫ్లై పురుగు లేస్తోంది. అది లేస్తున్నంతసేపు ఒకరి నీళ్ళలోకి ఇంకొకరు దిగరు.”

ఆర్థర్స్ సరస్సు మీద మబ్బు పట్టింది. గాలి లేదు. అడుగున బురదలో పెరిగిన పురుగులు పైకి తేలి, పొర విడిచి, రెక్కలు ఆరేదాకా నీటి మీద కూర్చుంటున్నాయి. ట్రౌట్ చేపలు వాటిని ఒక్కొక్కటిగా మింగుతున్నాయి. గార్త్ అన్న ఏథల్ తన ఎప్పటి చోటులోనే, సగం మునిగిన చెట్టు మోడు పంగలో వీపు ఆనించి, సరస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. ఒడ్డు నుంచి అతని టోపీ, ఒక భుజం, చంకలోంచి ముందుకు చాచిన గాలపు కర్ర కనిపిస్తున్నాయి.

ఆరేళ్ళ క్రితం ఇలాంటి వేళలోనే గార్త్ భోజనానికి పిలుద్దామని ఆ నీళ్ళలోకి నడిచాడు. చేపలన్నీ చెదిరిపోయాయి. వాటిలో ఒకదాని కోసం ఏథల్ మూడు వేసవులు కాచుకున్నాడు. ఆ తరవాత తమ్ముడితో మాట్లాడలేదు.

సోమవారం హోబర్ట్ ఆసుపత్రిలో గార్త్ గుండెకు ఆపరేషన్. లేస్తాడని డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. ఈలోగా అన్న నోటి నుంచి ఒక్క మాట వినాలని వచ్చాడు.

నోరీన్ తన చేతి మీద వాలిన పురుగును చూసింది. “ఇదేం తింటుంది?”

“రెక్కలొచ్చాక ఏమీ తినదు. దానికి నోరుండదు.”

“అచ్చం మీ అన్నే.”

“మెల్లిగా. వింటాడు” అన్నాడు గార్త్, నవ్వు ఆపుకుంటూ.

“కదలడేం?”

“అదే పనితనం. చూడు, చేపలు ఆయన పక్కనే తింటున్నాయి. అంత కదలకుండా నిలబడటం ఈ సరస్సులో ఇంకొకరి వల్ల కాదు.”

కర్ర వంగింది. దాని కొస నీటిని తాకింది. దారం బిగిసి, వదులైంది.

“పోయింది. లాగనే లేదు” అన్నది నోరీన్. “ముసలాడైపోయాడు.”

“చిన్నదై ఉంటుంది. వదిలేశాడు.”

“ఇక్కణ్ణుంచే చెప్పెయ్యి మరి. మాటకి చేప బెదరదుగా.”

గార్త్ టోపీ తీశాడు.

“అన్నా, నేనే, గార్త్‌ని. ఆ రోజు తప్పు నాది. సోమవారం నన్ను కోస్తున్నారు. నువ్వు ఒక్క మాటంటే ధైర్యంగా వెళ్తాను. దున్నపోతా అని తిట్టు, అదీ చాలు.”

కర్ర కొస రెండుసార్లు వంగి లేచింది.

“విన్నాడు” అన్నాడు గార్త్. “వద్దనుకుంటే ఈపాటికి పొమ్మనేవాడు.”

“అయితే వెళ్ళు.”

“పురుగు ఆగనీ. ఈసారి ఆ తప్పు చెయ్యను.”

ఇద్దరూ రాతి మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగారు. పురుగు తగ్గింది. చేపలు పైకి రావడం మానేశాయి. సరస్సు అవతల పడవలవాళ్ళు దారాలు చుట్టుకుని రేకుల ఇళ్ళ వైపు మళ్ళారు. ఏథల్ అక్కడే ఉన్నాడు.

“నీ కోసమే ఆగాడు” అన్నది నోరీన్.

గార్త్ నీళ్ళలోకి దిగాడు. అల లేపకుండా, అడుగు జరుపుకుంటూ, చిన్నప్పుడు అన్న నేర్పినట్టే నడిచాడు. మోడు చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి చెయ్యి చాచాడు.

ఏథల్ తెరిచిన కళ్ళ మీద మేఫ్లైలు వాలి ఉన్నాయి.