కుడి బటన్

రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే షెడ్డులో రేకులు నొక్కే ఆ ప్రెస్సు కిందికి దిగుతుంది. చేతులు లోపల ఉండిపోకూడదనే ఆ ఏర్పాటు. పని తెమలడం లేదని బావ విసుక్కుంటే, కుడి బటన్‌ను నొక్కి టేపు చుట్టేసింది ఫిట్టర్‌నైన నేనే.

"ఏం కాదులే బావా, నాదీ పూచీ" అన్నాను కూడా.

ఇప్పుడు బావకి చొక్కా గుండీలు అక్కే పెడుతోంది. లేని కుడి చెయ్యి రాత్రిళ్ళు ఇంకా పని చేస్తున్నట్టే ఉంటుందట.

ఈ రాత్రి షెడ్డులో ఒక్కడినే ఆ టేపు ఊడబీకాను. బటన్ పైకి లేచింది. పరీక్షించడానికి కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమ బటన్ ఒక్కటే నొక్కాను. ప్రెస్సు దిగకూడదు.

దిగింది. నేల అదిరింది. తర్వాత చప్పుడే లేదు.

కుడి బటన్ లోపలికి నొక్కుకుని ఉంది. నేను చూస్తుండగానే, ఎవరో చెయ్యి తీసినట్టు నెమ్మదిగా పైకి లేచింది.

జేబులో ఫోన్ మోగింది. బావ.

"ఒరేయ్, నా లేని చెయ్యి ఇప్పుడే దేన్నో నొక్కింది రా" అన్నాడు. "నువ్వు చేతులు లోపల పెట్టలేదు కదా?"