బంద్ చేసినా పాడుతోంది

డీజే పెట్టెల్లోంచి మేలుకొలుపు రాగానే ఊరేగింపు మొత్తం ఆగిపోయింది.

"లేవయ్యా లేవయ్యా, తెల్లవారె లేవయ్యా..."

అప్పటిదాకా చిందేస్తూ ఎగురుతున్న బస్సు డ్రైవర్లు చేతులు గాల్లోనే ఉంచి ఒకరినొకరు చూసుకున్నారు. టపాకాయలు అంటించబోతున్నవాడు అగ్గిపుల్ల ఊదేశాడు.

ఇబ్రహీంపట్నం చౌరస్తా. మిట్టమధ్యాహ్నం. పూలు చుట్టిన ట్రాలీ ఆటో మీద, కదలకుండా తాళ్లతో కట్టిన కుర్చీలో సైదులు కూర్చుని ఉన్నాడు. కొత్త ధోవతి, తలకు రుమాలు, గడ్డం దాకా దండలు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున తొలి బస్సు నడిపిన మనిషి. బండి ముందు తోటి డ్రైవర్లు కట్టిన ఫ్లెక్సీ: "మా సైదులన్నకు ఘన వీడ్కోలు."

ఈ రోజు ఎలా జరగాలో ఆయన భార్య సత్తమ్మకు ఎప్పుడో చెప్పిపెట్టాడు. డీజే ఉండాలి. అందరూ ఎగరాలి. ఒక్కరూ ఏడవకూడదు. ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

ఇప్పుడు ఆ మాట వెళ్లి డీజే నడిపే ధర్మేందర్ ఫోన్‌లో ఇరుక్కుంది.

సత్తమ్మ తమ్ముడు పరశురాం ఉరికొచ్చాడు. "ఏం పాటరా ఇది? మా బావకు మేలుకొలుపు పాడుతున్నవా?"

"నేను పెట్టలేదన్నా. పొద్దుగాల నన్ను లేపనీకి పెట్టుకున్న పాట. ఆ పాటల ప్లేయర్ యాప్ బంద్ జేసిన. అయినా లోపల్లోపల నడుస్తనే ఉన్నది."

"బంద్ జేస్తే ఎట్ల నడుస్తది?"

"గదే సమజైతలేదు."

ధర్మేందర్ ఆ ప్లేయర్‌ని తెర మీంచి పక్కకు తోసేశాడు. వేరే దాంట్లో తీన్మార్ పెట్టాడు. డ్రైవర్లు ఈలలేసి మళ్లీ అందుకున్నారు. బండి నాలుగడుగులు కదిలిందో లేదో...

"లేవయ్యా లేవయ్యా..."

ఫోన్ ఆపి మళ్లీ వెలిగించాడు. ఫోన్ కన్నా ముందు పాట లేచింది. ఆ ప్లేయర్‌నే ఫోన్‌లోంచి పూర్తిగా తీసేద్దామంటే, "పని జరుగుతోంది, దయచేసి వేచి ఉండండి" అని చూపించింది.

"పాడుడే కదరా దాని పని? బంద్ జేసినంక ఇంకేం పని?" అన్నాడు పరశురాం.

"మనం ఏమేం విన్నమో రాసుకుంటదటన్నా. కొత్త పాటలు తెచ్చి దాసుకుంటదట. మనకైతే చెప్పదు."

"డ్యూటీ దిగినంక మనలో ఎవడన్న గింత పని చేస్తడా?" అన్నాడో డ్రైవరు. ఇంకొకడు అందుకున్నాడు. "అన్నకు ఇంక పొద్దుగాల లేసే బాధ లేదని దానికి చెప్పుండ్రి."

అందరూ నవ్వారు. సైదులు మాత్రం ఎవరి మాటకూ అడ్డు రాలేదు.

సైదులు చెల్లెలు పోశమ్మకు నవ్వు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా పాట ఇంటుంటే నాకు ఆగుతలేదు వదినా."

"ఏడ్చినవంటే ఇంటికి తోలిస్త," అంది సత్తమ్మ.

ధర్మేందర్ ఫోన్ వైరు లాగబోయాడు. "ఫోన్ అవతల పారేస్త పెద్దమ్మా. ఉత్త డప్పులతోని పోదాం."

"డీజే అన్నడు. డీజే అంటే డీజేనే."

ఆమె బండి పక్కకు వెళ్లి, జారిన దండను సైదులు భుజం మీదికి సర్దింది. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

"ఈయన గూడ గంతేరా. డ్యూటీ దిగొచ్చి మంచంల పండుకున్నంక గూడ కాలు బ్రేకు తొక్కుతుండె. నేనేమన్న ఆపిన్నా?" అంది. తర్వాత డప్పులవాళ్ల వైపు తిరిగింది. "బిక్షం, గా పాటకే దెబ్బ కలుపు. ధర్మేందర్, సౌండు పెంచు."

బిక్షం ఒకసారి తల గోక్కున్నాడు. తర్వాత డప్పు మీద పుల్ల పడింది.

మేలుకొలుపుకు పూనకం వచ్చింది. "లేవయ్యా" అని పెట్టెలు పాడితే "లేవయ్యా" అని డ్రైవర్లంతా సైదులు వైపు చేతులు చాపి అరిచారు. పోశమ్మ కొంగు నడుముకు చుట్టి మధ్యలోకి దూకింది. ఎదురొచ్చిన బస్సు పక్కకు ఆగి హారన్‌తో తాళం వేసింది. పరశురాం బండెక్కి కుర్చీని పట్టుకుని ఊపాడు. సైదులు తల కూడా అటూ ఇటూ ఊగింది.

"సూడుండ్రి, బావ గూడ ఎగురుతుండు!"

సత్తమ్మ పగలబడి నవ్వింది. దారి పొడుగునా ఒక్కరూ ఏడవలేదు.

అందరూ కలిసి అంత గట్టిగా లేపారు కదా అని, శ్మశానంలో పరశురాం మరోసారి బావ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అప్పుడుగానీ సైదులును కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే గోతిలోకి దించనివ్వలేదు.