లైటు ఏ రంగు?

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ల పక్కన మూడు నెలలు పాత డ్రైవరెవరైనా కూర్చోవాలని మాకు రూలు. నజరేతులో మా ఇంట్లో ఇంకెవరికీ లైసెన్సు లేదు కాబట్టి నాన్నే కూర్చునేవాడు.

కూడలి వచ్చిందంటే ఒకటే ప్రశ్న. "అరీజ్, లైటు ఏ రంగులో ఉందే?"

నాకు పరీక్ష పెడుతున్నాడనుకునేదాన్ని. గడువు తీరే రోజున ఇక పట్టలేకపోయాను.

"నీకు కళ్లున్నాయిగా, నువ్వే చూసుకో! రేపట్నుంచి నాకీ పీడ విరగడవుతుంది."

"బాగా నేర్చుకున్నావు తల్లీ. ఇక నాకు దిగుల్లేదు," అని నవ్వాడు నాన్న.

చోటు లేక పక్కింటి ముందు ఆపాను. ఆయన దిగి నేరుగా ఆ మెట్లే ఎక్కాడు. మా తాళంచెవి తీసి, వాళ్ల తలుపు మీద కన్నం కోసం వేళ్లతో తడుముతున్నాడు.

నేను దిగి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మనిల్లు పక్కది నాన్నా."