రెండో మాట

శారదా నది పొంగి చెరకు తోటల్లో నడుం లోతు నీళ్లు నిలిచిన ఏడు. నీళ్లు తీసిన వారానికి పరదేశి మద్రాసు ఆసుపత్రికి బయలుదేరాడు. తోడు చెల్లెలు దేముడమ్మ.

చోడవరంలో విశాఖపట్నం బస్సెక్కారు. ఎక్కినప్పట్నుంచీ పరదేశికి చెమటలే.

"కండక్టరు బాబూ, ఓపాలి ఆపు. దిగిపోతాను."

"దిగితే కాళ్లిరగ్గొడతాను అన్నియ్యా!" దేముడమ్మ గుండు మీద కొంగు సర్దుకుని, అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

పక్క సీట్లో అచ్చియ్యమ్మ అనే పెద్దావిడ. వడ్డాది సంతలో కొన్న అరటిపళ్లు ఒళ్లో పెట్టుకుంది. ఉండబట్టలేక అడిగింది.

"ఏటమ్మా, ఏటైంది?"

"రక్తంలో కేన్సరు పిన్నీ. ఎముకలోని మూలుగ మార్చకపోతే మనిషి దక్కదన్నారు. ఈ మహానుబావుడు పారిపోతే ఇక అంతే."

"అయ్యో, నా బాబే!" అచ్చియ్యమ్మ పరదేశి చేతిలో పండు పెట్టింది. "తిను. నీకేటీ కాదు."

పరదేశి తిన్నాడు. "నడుం ఎముకలో సూది గుచ్చుతారటమ్మా," అన్నాడు బిక్కమొహంతో.

"మత్తిస్తారు కదేటి! గేదె తొక్కినా కిక్కురుమనని మనిషి, సూదికి ఏడుస్తన్నాడు సూడు పిన్నీ."

బస్సంతా నవ్వింది. పరదేశి నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"సూదికి కాదే. కొత్త మూలుగ ఒంట్లోకెళ్లి ఆ ఒంటినే కొడితే? డాక్టరే సెప్పేడు గదా."

"కొట్టాలంటే దానికి రెండు మాటలు కావాలని కూడా సెప్పేడు. ఇది పరాయిదని ఒకటి. కొట్టమని రెండోది. రెండోది అందకపోతే ఊరుకుంటాదట. దాన్ని ఊరుకోబెట్టడానికి మందులిస్తారు."

"మా గోవాడ పంచదార ఫ్యాక్టరీలాగేనన్నమాట!" అంది అచ్చియ్యమ్మ. "సెరకు పండితే సాలదు. కటింగ్ ఆర్డరు రావాలి. ఆర్డరు లేకుండా ఎవడు కత్తెడతాడు?"

అప్పటికి పరదేశి నవ్వాడు. ఇంకో పండు అడిగి తీసుకున్నాడు.

విశాఖపట్నంలో దిగేటప్పుడు అచ్చియ్యమ్మ దేముడమ్మ గడ్డం పట్టుకుంది. "అన్నను జాగర్త గుంటా."

"పారిపోనివ్వను పిన్నీ."

పారిపోనివ్వలేదు. మద్రాసులో పరదేశిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, సూది గుచ్చారు.

మర్నాడు పొద్దున్నే అతను నడుం పట్టుకుని కుంటుకుంటూ చివరి గదిదాకా వెళ్లి, అద్దం అవతల మంచం మీద, తన మూలుగ ఎక్కించుకుని పడుకున్న చెల్లెలికి చెయ్యి ఊపాడు.